ముప్ఫై అయిదు దాటిన ఆటగాడికి ఎన్నేళ్ళు రాసివ్వాలి?



ఐపీఎల్ వేలం ముగిసి ఇన్నాళ్ళయినా మన సంఘం గ్రూపులో వాదన మాత్రం తెగలేదు. బొమ్మనహళ్ళిలో ఉంటున్న తెలుగువాళ్ళం కదా, మనలో సగం మంది మనసు ఉప్పల్‌లో ఉంటుంది, మిగతా సగం మందిది చిన్నస్వామిలో. ఒకే ఇంట్లో తండ్రిది సన్‌రైజర్స్, కొడుకుది ఆర్‌సీబీ. ఆ గొడవ ఏటా ఉండేదే, మనకు అదో పండగ. ఈసారి మాత్రం రెండు పక్షాలూ కలిసి ఒకే ప్రశ్న మీద పడ్డాయి. వయసు మీదపడిన ఆటగాడికి కోట్లు పోసి, ఏళ్ళకేళ్ళు ఒప్పందం రాసివ్వడం లాభమా, దండగా? గ్రూపులో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాం. కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదవండి.

మా మాట ముందే చెప్పేస్తాం. వయసు చూసి బెదిరిపోయే జట్టు నష్టపోతుంది. గడువు చూసి బెదరని జట్టు అంతకంటే ఎక్కువ నష్టపోతుంది. ముప్ఫై అయిదేళ్ళ ఆటగాడికి ఈ ఏడాదికి ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇవ్వండి. నాలుగో ఏడాదికి మాత్రం ఇవాళే మాట ఇవ్వకండి. ఇన్నేళ్ళు ఆడినందుకు చూపాల్సిన కృతజ్ఞతకు వేరే ఖాతా తెరవండి.

ఎందుకంటున్నామో మన రెండు జట్ల లెక్కతోనే మొదలుపెడదాం.

భువనేశ్వర్ కుమార్, మహమ్మద్ షమీ ఇద్దరూ 1990లో పుట్టినవాళ్ళే. భువనేశ్వర్ 2014 నుంచి 2024 దాకా పదకొండు సీజన్లు సన్‌రైజర్స్‌తో ఉన్నాడు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో అతను హైదరాబాద్ చేయి దాటిపోయాడు. బెంగళూరు 10.75 కోట్లకు తీసుకుంది. అదే వేలంలో హైదరాబాద్ షమీకి 10 కోట్లు పెట్టింది. ఒకే ఈడు, ఒకే పని, ఇంచుమించు ఒకే ధర. 2025 సీజన్ అయ్యేసరికి భువనేశ్వర్ 17 వికెట్లు తీశాడు, కప్పు కూడా ఎత్తాడు. షమీ తొమ్మిది మ్యాచ్‌లలో 6 వికెట్లు తీశాడు. ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులు ఇచ్చాడు. ఆ నవంబరులో హైదరాబాద్ అతన్ని లక్నోకు ఇచ్చేసింది.

పుట్టిన సంవత్సరం ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? షమీ 2023 ప్రపంచకప్‌లో 24 వికెట్లు తీసి దేశాన్ని ఫైనల్ దాకా మోశాడు. ఆ తర్వాత చీలమండకు శస్త్రచికిత్స జరిగింది, 2024 ఐపీఎల్ మొత్తం ఆడలేకపోయాడు. భువనేశ్వర్ 2022 తర్వాత దేశం తరఫున ఆడలేదు. ఆ బాధ అతనిది అతనికి ఉంటుంది, కానీ శరీరానికి విశ్రాంతి దొరికింది. బంతి వేగం కంటే స్వింగ్ మీద, తెలివి మీద బతికే బౌలర్ కూడా. కాబట్టి "ముప్ఫై నాలుగేళ్ళవాడికి పది కోట్లా" అని అడిగేవాళ్ళు సగం ప్రశ్నే అడుగుతున్నారు. ఆ కాళ్ళ మీద ఎన్ని కత్తిగాట్లు ఉన్నాయి, ఆ ఆట దేని మీద నిలబడి ఉంది అనేది మిగతా సగం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. షమీ విషయంలో హైదరాబాద్‌కు తగిలిన దెబ్బ ఒక్క సీజన్‌ది. ఐపీఎల్‌లో పెద్ద వేలం జరిగాక ఆటగాడు సాధారణంగా మూడేళ్ళు ఆ జట్టువాడే, అయితే ప్రతి సీజన్ చివరా వదిలేసే హక్కు జట్టుకు ఉంటుంది. అదే ఐదేళ్ళ గ్యారంటీ రాసిచ్చి ఉంటే ఏమయ్యేది? దానికి జవాబు కావాలంటే అమెరికా బేస్‌బాల్ వైపు చూడాలి. దీర్ఘకాల ఒప్పందం అన్న మాటకు పూర్తి అర్థం అక్కడే ఉంది.

ఆల్బర్ట్ పూహోల్స్ అనే ఆటగాడు సెయింట్ లూయిస్ జట్టుకు పదకొండేళ్ళు ఆడి 445 హోమ్ రన్లు కొట్టాడు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిదే, కాకపోతే చాలా అరుదు. మూడుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2011 డిసెంబరులో, ముప్ఫై రెండు నిండబోతుండగా, లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ జట్టు అతనికి పదేళ్ళకు 24 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అక్కడ ఒప్పందం అంటే గ్యారంటీయే. మోకాలు మొరాయించినా, బ్యాటు మొద్దుబారినా మొత్తం చెల్లించి తీరాలి. ఏంజెల్స్ తరఫున అతను కొట్టినవి 222 హోమ్ రన్లు. ఒకప్పుడు వంద ప్రయత్నాలకు 33 హిట్లు కొట్టే మనిషి 26కు దిగిపోయాడు. అన్నేళ్ళలో జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది 2014లో ఒక్కసారే, అదీ వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడి ఇంటిదారి పట్టింది. 2021 మేలో, గడువు ఇంకా ఉండగానే, అతన్ని వదిలేసింది.

కథ అక్కడితో ఆగితే "వయసైనవాళ్ళను కొనకండి" అని తేల్చేసి లేచిపోవచ్చు. ఆగలేదు. 2022లో పాత జట్టు సెయింట్ లూయిస్ అతన్ని ఒకే ఒక్క ఏడాదికి 25 లక్షల డాలర్లకు పిలిచింది. నలభై రెండేళ్ళ వయసులో 24 హోమ్ రన్లు కొట్టి, మొత్తం లెక్క 703కు చేర్చి, జనం నిలబడి చప్పట్లు కొడుతుండగా ఆట ముగించాడు. మనిషి అతనే. పదేళ్ళ కాగితం మీద భారం, ఏడాది కాగితం మీద బేరం.

మరి తెలివైన యజమానులు పదేళ్ళు ఎందుకు రాసిస్తారు? మాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, పోటీ స్వభావం. పదిమంది పాడుకునే పాటలో ఆ వస్తువు విలువను అందరికంటే ఎక్కువగా ఊహించుకున్నవాడికే అది దక్కుతుంది. పైగా అందరి కళ్ళ ముందూ ఉండేది గడిచిన పదేళ్ళ స్కోరు. రాబోయే పదేళ్ళ స్కోరు ఏ పుస్తకంలోనూ ఉండదు. నిన్నటి ఆటకు రేపటి డబ్బు కట్టడం అలా జరుగుతుంది.

రెండోది, మనందరికీ తెలిసిన ఈఎంఐ లెక్క. బేగూరు రోడ్డులో ఫ్లాటు కొనేటప్పుడు పదేళ్ళ వాయిదా మోయలేమని ఇరవై ఏళ్ళకు సాగదీస్తాం. జట్లూ అంతే. ఏడాది ఖర్చు తగ్గించి చూపడానికి ఏళ్ళు పెంచుతాయి. తేడా ఎక్కడంటే, ఇల్లు పాతబడినా కింద స్థలం విలువ ఉంటుంది. ఆటగాడి మోకాలికి స్థలం విలువ లేదు. వాయిదాలు మాత్రం మిగులుతాయి.

మూడోది న్యాయమైన కారణం, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు పెద్ద లీగ్‌లో ఆరేళ్ళ సర్వీసు పూర్తిచేసేదాకా తనకు నచ్చిన జట్టుతో బేరం కుదుర్చుకోలేడు. మొదటి మూడేళ్ళు చాలామందికి కనీస వేతనానికి కాస్త అటూ ఇటూ. శరీరం నిప్పులా ఉన్న వయసులో చవగ్గా ఆడి, బజారుకు వచ్చేసరికి ముప్ఫై దగ్గరపడుతుంది. అప్పుడు అతను పదేళ్ళు అడిగితే దాన్ని అత్యాశ అనలేం. అందులో సగం పాత బాకీ. అసలు తప్పు ముప్ఫై అయిదో ఏట ఎక్కువ ఇవ్వడంలో కంటే ఇరవై మూడో ఏట తక్కువ ఇవ్వడంలో ఉంది.

క్రికెట్‌లోనూ ఇప్పుడు ఆ గాలి వీస్తోంది. 2023 అక్టోబరులో ఇంగ్లండ్ బోర్డు తొలిసారిగా కొందరికి ఒకటికి మించి ఏళ్ళ ఒప్పందాలు ఇచ్చింది. మూడేళ్ళు దక్కినవాళ్ళలో ముప్ఫై రెండేళ్ళ జో రూట్, ముప్ఫై మూడేళ్ళ మార్క్ వుడ్ ఉన్నారు. ఏడాది తిరిగేసరికి రూట్ ముల్తాన్‌లో కుక్‌ను దాటి టెస్టుల్లో ఇంగ్లండ్‌కు అత్యధిక పరుగులు చేసినవాడయ్యాడు. వుడ్‌కు 2024లో మోచేయి, 2025లో మోకాలు. ఒకేరోజు ఇచ్చిన ఒకే రకం కాగితం. ఒకరు బ్యాటర్, ఒకరు గంటకు 150 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరేవాడు. గడువు రాసేటప్పుడు పుట్టినతేదీ కంటే ముందు చూడాల్సింది ఆటగాడు చేసే పని అన్నమాట.

ఇక ఐపీఎల్‌కు వద్దాం. ఇక్కడ లెక్క ఇంకాస్త కఠినం, ఎందుకంటే సంచిలో డబ్బు ఎంతో ముందే కట్టేశారు. 2025కు ఒక్కో జట్టుకు 120 కోట్లు. ఒకరికి రెండు కోట్లు ఎక్కువ ఇస్తే ఆ రెండు కోట్లు ఇంకొకరి పళ్ళెంలోంచి తీసినవే. పెద్దాయన మీద గౌరవంతో పెంచిన ధర మన తిలక్ వర్మ లాంటి కుర్రాడి దగ్గర తగ్గుతుంది. హైదరాబాద్ కుర్రాడు తిలక్‌ను ముంబై 2022లో 1.7 కోట్లకు కొంది. మూడు సీజన్లలో వరుసగా 397, 343, 416 పరుగులు చేశాడు. ఆ మూడేళ్ళూ అదే ధర. 2025కు 8 కోట్లు అయ్యింది. బాకీలు ఎలా పుడతాయో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

"అయితే కోహ్లీ మాటేమిటి?" అని మన ఆర్‌సీబీ మిత్రులు అప్పుడే కింద కామెంటు మొదలుపెట్టి ఉంటారు. పద్ధెనిమిది సీజన్లు ఒకే జట్టు, ముప్ఫై ఆరేళ్ళ వయసులో 657 పరుగులు, 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో కప్పు. నిజమే. మరుసటి రోజు చిన్నస్వామి బయట తొక్కిసలాటలో పదకొండు ప్రాణాలు పోవడంతో ఆ ఆనందం మనకు ఒక్క రాత్రికి మించి మిగలలేదు, అది వేరే బాధ. ఆట వరకే మాట్లాడుకుంటే, కోహ్లీది దీర్ఘకాల అనుబంధమే కానీ దీర్ఘకాల ఒప్పందం కాదు. 2008లో 30 వేల డాలర్లతో మొదలయ్యాడు. 2018లో 17 కోట్లు, 2022లో 15 కోట్లు, 2025లో 21 కోట్లు. పెద్ద వేలం వచ్చిన ప్రతిసారీ కూర్చుని, ధర మళ్ళీ రాసుకుని, మళ్ళీ చేతులు కలిపారు. 2022లో అతను 341 పరుగులే చేశాడు. ఆ ఏడాది చూసి వదిలేసి ఉంటే తర్వాతి మూడు సీజన్ల 639, 741, 657 పరుగులు వేరే జట్టు ఖాతాలో పడేవి. విడతలు విడతలుగా రాసుకున్న బంధం పద్ధెనిమిదేళ్ళు నిలిచింది. మేము చెప్పేదానికి కోహ్లీ అడ్డు రాడు, సాక్షిగా నిలబడతాడు.

దినేష్ కార్తీక్‌ను చూడండి. 2022లో ముప్ఫై ఆరేళ్ళ వయసులో ఆర్‌సీబీ 5.5 కోట్లకు కొంది. మూడు సీజన్లలో 330, 140, 326 పరుగులు. వయసైన ఆటగాడి ఆట మెట్లు దిగినట్టు ఒక వరుసలో దిగదు. ఒక ఏడాది కుప్పకూలి, మరుసటి ఏడాది లేచి నిలబడుతుంది. రెండో ఏడు చూసి తీర్పు చెప్పినవాడు మూడో ఏడు తెల్లమొహం వేశాడు. అలాగని నాలుగో ఏడు, ఐదో ఏడు ముందే రాసిచ్చి ఉంటే? కార్తీక్ 2024తో బ్యాటు కింద పెట్టాడు. జట్టు అతన్ని పోనివ్వలేదు, 2025కు మెంటార్‌గా, బ్యాటింగ్ కోచ్‌గా పెట్టుకుంది. ఆ ఏడాదే కప్పు వచ్చింది. అనుభవం కావాలంటే పదకొండు మందిలో ఒక చోటు ఖర్చు చేయనక్కర్లేదని ఆర్‌సీబీకి తెలిసింది.

ఈ విషయంలో రెండు వైపులా పాఠం చెప్పిన జట్టు చెన్నై. 2018లో ముప్ఫై దాటినవాళ్ళను పోగేసుకుంటే "నాన్నల సైన్యం" అని అందరూ నవ్వారు. బెంగళూరు వదిలేసిన షేన్ వాట్సన్‌ను 4 కోట్లకు కొన్నారు. ఫైనల్లో అతను 117 నాటౌట్‌తో మన సన్‌రైజర్స్‌ను ఓడించాడు. మన గుంటూరు అంబటి రాయుడు 2.2 కోట్లకు వచ్చి 602 పరుగులు చేశాడు. అదే రాయుడికి 2022లో, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, 6.75 కోట్లు ఇచ్చారు. 274 పరుగులు, ఆపై 158. 2023 ఫైనల్లో ఎనిమిది బంతుల్లో 19 కొట్టి, కప్పు అందుకుని, తనే వెళ్ళొస్తానన్నాడు. మూడో ఏడాది భారం జట్టు మీద పడలేదు. తగిన వేళకు లేవడం తెలిసినవాడికి గడువుతో పనిలేదు. అందరూ అలా లేస్తారని లెక్క వేసుకోవడమే ప్రమాదం.

ధోనీ సంగతి ఇంకా చిత్రం. 2018లో 15 కోట్లు, 2022లో 12, 2025లో 4. వయసు పెరుగుతుంటే ధర తగ్గించుకుంటూ వచ్చిన ఆటగాడు అతను. ఐదేళ్ళుగా అంతర్జాతీయ మ్యాచ్ ఆడనివాళ్ళను కొత్తవాళ్ళ లెక్కన తీసుకోవచ్చన్న నిబంధన కింద ఆ 4 కోట్ల ధర కుదిరింది. డబ్బు పరంగా చూస్తే చవక బేరమే. అసలు ఖర్చు డబ్బులో లేదు, చోటులో ఉంది. 2025 మార్చి 28న చేపాక్‌లో మన ఆర్‌సీబీ మీద అతను తొమ్మిదో స్థానంలో వచ్చి 16 బంతుల్లో 30 కొట్టాడు. అప్పటికే ఆట చేజారింది. 2008 తర్వాత మళ్ళీ అప్పుడే ఆర్‌సీబీ అక్కడ గెలిచింది. ఆ సీజన్లో చెన్నై చిట్టచివరి స్థానంలో నిలిచింది, చరిత్రలో తొలిసారి. ఆపై వాళ్ళూ దారి మార్చారు. ముప్ఫై ఆరేళ్ళ జడేజా రాజస్థాన్‌కు వెళ్ళాడు, 18 కోట్ల ధర 14కు దిగింది. 2025 డిసెంబరు వేలంలో చెన్నై ఇరవై ఏళ్ళు అటూ ఇటూగా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళకు, దేశానికి ఇంకా ఆడనివాళ్ళకు, చెరో 14.2 కోట్లు పెట్టింది.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. "ధోనీ పరుగుల కోసం ఎవరు వస్తారు? ధోనీని చూడటానికి వస్తారు. టికెట్లు, జెర్సీలు, టీవీ ముందు కళ్ళు, ఇవన్నీ లాభం కాదా?" లాభమే. ఐదు సీజన్ల ప్రసార హక్కులు 48,390 కోట్లు పలికిన ఆటలో జనాన్ని కూర్చోబెట్టగలిగే మనిషికి విలువ ఉండదని మేమెందుకు అంటాం? మా మాట ఒకటే, ఆ లెక్క వేరే పుస్తకంలో రాయండి. యజమాని పుస్తకం వేరు, కెప్టెన్ పుస్తకం వేరు. యజమాని పుస్తకంలో లాభం వచ్చిందని కెప్టెన్ పుస్తకంలో నష్టాన్ని దాచిపెడితే దాని బిల్లు కట్టేది అభిమాని, బెంచీ మీద కూర్చున్న కుర్రాడు.

ఇక కృతజ్ఞత సంగతి. "పదేళ్ళు ఆడించుకుని వయసైందని తోసేస్తారా? ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్ననా?" అని గ్రూపులో ఒక పెద్దాయన అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేం. దానికి మొదటి జవాబు మనవాడే ఇచ్చాడు, 2008లోనే. ఐపీఎల్ మొదలైనప్పుడు ద్రావిడ్, సచిన్, గంగూలీ లాంటివాళ్ళను ఐకాన్ ఆటగాళ్ళన్నారు. జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికినవాడి కంటే ఐకాన్‌కు 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. జట్టు సంచి మొత్తం 50 లక్షల డాలర్లు. దక్కన్ చార్జర్స్ ఐకాన్‌గా ఉండమంటే వీవీఎస్ లక్ష్మణ్ వద్దన్నాడు, ఆ డబ్బుతో జట్టు ఆటగాళ్ళను కొనుక్కోవాలని. చార్జర్స్ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు, గిల్‌క్రిస్ట్‌ను 7 లక్షలకు కొంది. మొదటి ఏడాది అట్టడుగున నిలిచింది. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో కప్పు గెలిచింది, మన బెంగళూరు మీదే, 6 పరుగుల తేడాతో. గెలిచిన కెప్టెన్ గిల్‌క్రిస్ట్‌కు ముప్ఫై ఏడేళ్ళు. ఓడిన కెప్టెన్ కుంబ్లేకు ముప్ఫై ఎనిమిది, 16 పరుగులకు 4 వికెట్లు తీసి ఆ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. వయసైనవాళ్ళు ఆడలేరనేవాళ్ళకు ఆ ఒక్క రాత్రి చాలు.

2011లో బెంగళూరు ఇరవై రెండేళ్ళ కోహ్లీని ఒక్కణ్ణే ఉంచుకుని అందరినీ వదిలేసింది. ద్రావిడ్ 5 లక్షల డాలర్లకు రాజస్థాన్‌కు వెళ్ళి, నలభై దగ్గరపడుతుండగా 2012, 2013 సీజన్లలో 450కి తగ్గకుండా పరుగులు చేశాడు. కోహ్లీని ఉంచుకోవడం సరైన నిర్ణయమే. ద్రావిడ్‌ను కొనడమూ సరైన నిర్ణయమే. గడువు పొట్టిగా ఉంటే రెండూ ఒకేసారి సరైనవి కాగలవు.

కృతజ్ఞతకు దారులు చాలా ఉన్నాయి. లక్ష్మణ్ సన్‌రైజర్స్‌కు ఏళ్ళ తరబడి మెంటార్‌గా ఉన్నాడు. ఆర్‌సీబీ 2023లో డివిలియర్స్ 17 నంబరును, గేల్ 333 నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా శాశ్వతంగా పక్కనపెట్టింది. బోర్డు 2022లో మాజీ ఆటగాళ్ళ పింఛన్లు పెంచింది, 37,500 అందుకునే టెస్టు ఆటగాళ్ళకు 60,000 చేసింది. గౌరవం చూపాలంటే ఇలా తెరిచిన చేత్తో చూపాలి. ఒప్పందంలో నాలుగో ఏడాదిగా, ఐదో ఏడాదిగా దాచిపెట్టిన గౌరవం చివరికి ఆ ఆటగాడి మీదికే రాయిగా వస్తుంది. ఏంజెల్స్ అభిమానులు పూహోల్స్ జీతం గుర్తుపెట్టుకున్నారు, సెయింట్ లూయిస్ అభిమానులు అతని ఆట గుర్తుపెట్టుకున్నారు.

ఇంతవరకు ఆట. ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి మమ్మల్ని పురికొల్పిన అసలు సంగతి.

గ్రూపులో షమీ మీద మాటలు పెరిగి, "ముప్ఫై అయిదు దాటితే ఎవడైనా దండగే, మా ఆఫీసులోనూ అంతే" అని ఒక తమ్ముడు రాశాడు. దానికి ఇరవై నవ్వు బొమ్మలు పడ్డాయి. అదే గ్రూపులో నలభై నాలుగేళ్ళ సభ్యుడు ఒకాయన ఉన్నారు. పద్దెనిమిదేళ్ళు పనిచేసిన చోట ఆయన్ను మధ్యాహ్నం పిలిచి, సాయంత్రానికి ల్యాప్‌టాప్ ఇచ్చేయమన్నారు. ఆయన ఆ మాట చదివారు. ఏమీ రాయలేదు. మన హోసూరు రోడ్డు పొడుగునా గార్మెంట్ ఫ్యాక్టరీలలో కుట్టుపని చేసే అక్కచెల్లెళ్ళు ఉన్నారు. నలభై దాటి కంటిచూపు మందగించి, గంటకు ఇన్ని పీసులన్న టార్గెట్ అందకపోతే వాళ్ళు వినే మాటా ఇదే.

కాబట్టి స్పష్టంగా చెప్తున్నాం. క్రికెట్‌కు మేము చెప్పిన తీర్పును ఆఫీసుకు, ఫ్యాక్టరీకి మోసుకుపోకండి. దానికి రెండు కారణాలు. ఒకటి, ఫాస్ట్ బౌలర్‌కు ముప్ఫై అయిదో ఏట తగ్గేది కాలి బలం, అది అతని పనికి మూలాధారం. ప్రోగ్రాం రాసేవాడికి, లెక్కలు చూసేవాడికి, పాఠం చెప్పేవాడికి ఆ వయసులో పెరిగేవే ఎక్కువ. రెండు, ఏడాదికేడాది ఒప్పందం అంటే నష్టభయాన్ని జట్టు భుజం మీదినుంచి ఆటగాడి భుజం మీదికి మార్చడం. సీజన్‌కు పది కోట్లు తీసుకునేవాడు ఆ భయాన్ని మోయగలడు. నెల జీతంతో అద్దె, పిల్లల ఫీజు, ఊళ్ళో అమ్మానాన్నల మందులు గడవాల్సినవాడు మోయలేడు. అతనికి ఉద్యోగ భద్రతే ఆస్తి. గడువు పొట్టిగా ఉండాలన్న సూత్రం కోటీశ్వరులకు మంచిది, మామూలు మనిషికి అది గొంతు మీద కత్తి.

ఆటలోనూ ఈ తేడా పాటించాలి. రంజీ ఆటగాడి సంపాదనకు ఆధారం మైదానంలో దిగిన రోజులు. తుది జట్టులో ఉంటే రోజుకు 40 వేల నుంచి 60 వేలు. ఐపీఎల్ వేలంలో 30 లక్షల కనీస ధరకు కూడా పిలుపు రానివాళ్ళు వందల్లో ఉంటారు. భద్రత అవసరమైనది వాళ్ళకు, గడువు పొడిగించాల్సింది వాళ్ళ విషయంలో.

మన సభ్యుల్లో మేనేజర్లున్నారు, హెచ్‌ఆర్ వాళ్ళున్నారు, పదిమందికి పని ఇచ్చే చిన్న వ్యాపారులున్నారు. కుర్రాడు బాగా పనిచేస్తున్న ఏడాదే అతనికి తగినంత ఇవ్వండి, తర్వాత చూద్దామని బాకీ పెట్టకండి. పెద్దవాళ్ళను కొలిచేటప్పుడు పుట్టినతేదీ పక్కనపెట్టి పని చూడండి. పంపక తప్పని రోజు వస్తే ఇవ్వాల్సింది పూర్తిగా ఇచ్చి, ముందుగా చెప్పి, మర్యాదగా పంపండి. సర్వీసులో ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వాలని 1972లోనే ఈ దేశం చట్టం చేసింది. కృతజ్ఞతకు వేరే ఖాతా ఉండాలని మేమేదో కొత్తగా కనిపెట్టలేదు.

ఇక ఉప్పల్, చిన్నస్వామి గొడవ కొనసాగించండి, మాకూ సరదాయే. భువనేశ్వర్‌ను పోగొట్టుకున్నందుకు సన్‌రైజర్స్‌ను ఎంతైనా తిట్టండి, మేమూ గొంతు కలుపుతాం. గ్రూపులో "వయసైపోయినవాడు" అన్న మాట రాసే ముందు మాత్రం అక్కడ ఎవరెవరు చదువుతున్నారో ఒక్కసారి గుర్తుచేసుకోండి. అన్నట్టు, ఆ నలభై నాలుగేళ్ళ సభ్యుడు టెస్టింగ్‌లో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవారు. మీ కంపెనీలో చోటుంటే మాకు మెసేజ్ పెట్టండి, వివరాలు నేరుగా పంపిస్తాం.